షపురి

బ్రెజిల్ దేశపటంలో పడమటి కొసన, పెరూ, బొలీవియా దేశాలను ఆనుకొని ఆక్రె అనే చిన్న రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రానికి పేరిచ్చిన ఆక్రె నది పెరూలో పుట్టి, కొంతదూరం దేశాల మధ్య ఎల్లగా ప్రవహించి, ఉత్తరానికి మళ్ళి, పురూస్ నదిలో కలుస్తుంది. పురూస్ ద్వారా ఆ నీరు అమెజాన్ మహానదిని చేరుతుంది. దారిలో షపురి అనే ఏరు ఆక్రె నదిలో కలిసేచోట అదే పేరుతో ఒక చిన్న ఊరు వెలసింది. 2022 జనాభా లెక్కల ప్రకారం ఊరూ, దాని పరిధిలోని అడవీ అంతా కలిపి సుమారు 18 వేలమంది నివసిస్తున్నారు. మనకు ఉదయం పదిన్నర గంటలైనప్పుడు అక్కడ అర్ధరాత్రి.

ఇంత దూరాన ఉన్న ఇంత చిన్న ఊరిని గురించి మనం తెలుసుకోవడం ఎందుకు? అక్కడికి పోయే దారిలోనే కొంత జవాబు దొరుకుతుంది.

రాష్ట్ర రాజధాని రియో బ్రాంకో నుంచి షపురికి సుమారు 180 కిలోమీటర్లు. అమెజాన్ అడవిని చూడబోతున్నామని ఉత్సాహపడే ప్రయాణికుడికి ఆ దారిలో చాలామేర కనిపించేది అడవి కాదు, పచ్చిక బయళ్ళు. వాటిలో మేసే పశువులను చూస్తే తెలుగువాడు తప్పక ఆగి నిలబడతాడు. తెల్లని ఒళ్ళు, ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు! అవి మన ఒంగోలు జాతి సంతతివే. పంతొమ్మిదో శతాబ్దంలోనూ ఆ తరవాతా మన దేశం నుంచి ఓడల మీద వెళ్ళిన ఆవులూ ఆబోతులూ బ్రెజిల్‌లో వర్ధిల్లాయి. ఒంగోలు ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుచేత అక్కడివారు ఆ జాతిని ‘నెలోరె’ అంటారు. నేడు ఆ దేశంలో మాంసం కోసం పెంచే మందల్లో అధికభాగం ఈ రక్తం ఉన్నవే. ఎండకూ ఈగకూ జోరీగకూ తట్టుకొనే గుణం వల్ల అడవి నరికిన నేలమీద అవి సులభంగా నిలదొక్కుకొన్నాయి. మన పొలాల్లో కాడి మోసి పేరు తెచ్చుకొన్న జాతి అక్కడ అడవికి పోటీ కావడం విచిత్రమే. తప్పు మాత్రం పశువుది కాదు.

ఆ బయళ్ళ నడుమ అక్కడక్కడ ఒంటరిగా, నిటారుగా, 40, 50 మీటర్ల ఎత్తున ఒక చెట్టు నిలబడి ఉంటుంది. దానిని కస్తాన్యా అంటారు. మన పెద్ద బజారుల్లో ‘బ్రెజిల్ నట్’ పేరుతో అమ్మే గింజలు దీనివే. ఈ చెట్టును నరకరాదని బ్రెజిల్‌లో చట్టం ఉంది. కాబట్టి చుట్టూ ఉన్న అడవిని నరికినవారు దీనిని వదిలిపెట్టారు. అయితే దీని పువ్వు బరువైన మూతతో మూసుకొని ఉంటుంది. అడవిలో బతికే పెద్ద తేనెటీగలకు తప్ప తెరుచుకోదు. అడవి పోతే ఆ ఈగలూ తగ్గిపోతాయి, కాపూ తగ్గిపోతుంది. చట్టం చెట్టును కాపాడింది గాని, చెట్టు బంధుబలగాన్ని కాపాడలేకపోయింది.

ఊళ్ళో అడుగుపెట్టాక తొందర అనేది కనిపించదు. ఆక్రె ప్రాంతంలో రాయి అరుదు. అందుచేత వీధులకు కాల్చిన ఇటుకలు పరిచారు. పాత ఇళ్ళు చాలావరకు కొయ్యవి. నది గట్టున ఒకప్పటి రబ్బరు వర్తకుల వీధి ఉంది. నదికి ఆవలి గట్టున ఉన్న పేట పేరు ‘సిబేరియా’. చెమటలు కారే చోటికి మంచుదేశం పేరు పెట్టినవారి చమత్కారాన్ని మెచ్చుకోవలసిందే! ఆ పేటవాళ్ళు ఎంతోకాలం చిన్న పడవల మీదనే నది దాటి బడికీ బజారుకూ వచ్చేవారు. ఇంటింటా వాడే తిండి కర్రపెండలం పిండి. చేపతోనైనా చిక్కుడు గింజలతోనైనా అది ఉండవలసిందే. మన సగ్గుబియ్యం కూడా ఈ దుంప నుంచే వస్తుంది. సేలం, సామర్లకోట ప్రాంతాల మిల్లులకు పని కల్పించిన ఈ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాయే. ఏటా జనవరి 20న సెయింట్ సెబాస్టియన్ ఉత్సవం జరుగుతుంది. ఆ రోజు ఊరేగింపులో నడవడానికి అడవి లోపలి కుటుంబాలు కూడా మొక్కుబడులతో తరలివస్తాయి. ఊరు నిండిపోయేది అప్పుడే.

నది స్వభావం మాత్రం అంత నెమ్మదైనది కాదు. వానాకాలంలో గట్లు ఒరుసుకొని పారుతుంది. ఎండకాలంలో ఇసుక మేటలు బయటపడి పడవ నడవడమే కష్టమవుతుంది. 2015 వరదలో షపురి వీధుల్లోకి నీరు చేరింది. 2024లో తొలి నెలల్లో పెద్ద వరద వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో రియో బ్రాంకో వద్ద నది లోతు ఒకటిన్నర మీటరు కన్న తక్కువకు పడిపోయింది.

ఇక ఈ ఊరికి ప్రాణమైన రబ్బరు సంగతి. రబ్బరు చెట్టు అమెజాన్ అడవిలో తనంతట తాను మొలిచేది. తోటలా దగ్గరదగ్గరగా నాటితే అక్కడి ఒక ఆకుతెగులు మొత్తం తుడిచిపెట్టేస్తుంది. 1928లో అమెరికా మోటారు వ్యాపారి హెన్రీ ఫోర్డు ఎంతో డబ్బు పోసి అమెజాన్‌లో నాటించిన తోటలు ఈ తెగులు పాలై, 1945లో చేతులెత్తేయవలసి వచ్చింది. అడవిలో చెట్టుకూ చెట్టుకూ మధ్య చాలా ఎడం ఉంటుంది కాబట్టి తెగులు పాకదు. కనుక అడవి రబ్బరు కావాలంటే అడవి ఉండవలసిందే. షపురి కథంతా ఈ ఒక్క కారణం చుట్టూ తిరుగుతుంది.

1877లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. తిండిలేక ఇల్లు విడిచిన వేలాది జనం నదుల మీదుగా ఈ అడవుల్లోకి వచ్చి రబ్బరు పాలు తీసే పనిలో కుదిరారు. అప్పటికి ఈ భూమి బొలీవియాది. పన్నుల మీద తగవు పెరిగి, 1902 ఆగస్టు 6న, ప్లాసిదో దె కాస్త్రో నాయకత్వంలో కూలీలు షపురిలోని బొలీవియా కచేరీని పట్టుకొన్నారు. ఆ రోజు బొలీవియా జాతీయ దినం. తెల్లవారుజామున తలుపు తట్టిన చప్పుడు విని, పండుగ వేడుకలకు ఇంకా వేళ కాలేదు కదా అని అధికారి విసుక్కొన్నాడనీ, ఇది పండుగ కాదు, విప్లవమని అవతలివారు బదులు చెప్పారనీ అక్కడివారు నేటికీ చెప్పుకొంటారు. 1903లో జరిగిన సంధి ప్రకారం బ్రెజిల్ 20 లక్షల పౌన్లు చెల్లించి ఆక్రెను తనలో కలుపుకొన్నది.

అయితే రబ్బరు వైభవానికి అంతకు ముందే చీడ పట్టింది. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు అమెజాన్ ఉపనది తపజోస్ తీరం నుంచి సుమారు 70 వేల రబ్బరు విత్తనాలను లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనానికి చేర్చాడు. మొలకెత్తినవి మూడు వేలకు లోపే. ఆ మొక్కలు సింహళానికీ, తరవాత మలయాకూ ప్రయాణం కట్టాయి. అక్కడ ఆ ఆకుతెగులు లేదు. తోటలు బారులు తీరాయి. విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి ఓడలెక్కి మలయా వెళ్ళిన తెలుగు కూలీలలో అనేకులు కత్తి పట్టి పాలు గీసింది ఈ చెట్లకే. వారి సంతతి ఈనాటికీ మలేషియాలో తెలుగు చదువుకొంటున్నది. 1913 నాటికి ఆసియా తోటల రబ్బరు బ్రెజిల్ అడవి రబ్బరును మించిపోయింది. ధర పడిపోయింది. షపురి ఓడరేవు బోసిపోయింది. 1942లో జపాను మలయాను ఆక్రమించినప్పుడు మాత్రం మిత్రరాజ్యాలకు మళ్ళీ ఈ అడవి గుర్తుకు వచ్చింది. ‘రబ్బరు సైనికులు’ అనే పేరుతో 50 వేలకు పైగా పేదలను ఈశాన్యం నుంచి తరలించారు. యుద్ధం ముగిశాక వారిని పట్టించుకొన్నవారు లేరు. చాలామంది అడవిలోనే ఉండిపోయారు.

అడవిలో రబ్బరు కార్మికుడి దినచర్య కోడి కూయకముందే మొదలయ్యేది. తలకు ‘పొరోంగా’ అనే రేకు దీపం కట్టుకొనేవాడు. ఒక్కొక్క బాటలో సుమారు 150 చెట్లు. ఇంటినుంచి బయలుదేరిన బాట అడవంతా చుట్టి మళ్ళీ ఇంటికే చేరుతుంది. తెల్లవారేలోగా చెట్టు చెట్టుకూ వాలుగా ఒక గాటు పెట్టి, కింద చిన్న గిన్నె గుచ్చి సాగిపోతాడు. గాటు లోతైతే చెట్టు చెడుతుంది, పైపైన పడితే పాలు రావు. మధ్యాహ్నం అదే బాటలో మళ్ళీ నడిచి పాలు సేకరిస్తాడు. సాయంత్రం పొగ మీద ఆ పాలను కర్రకు పొరలు పొరలుగా పోసి బంతిలా గట్టిపరిచేవాడు. ఆ పొగకు కళ్ళూ ఊపిరితిత్తులూ పాడైపోయేవి.

ఇంత చేసినా అప్పు తీరేది కాదు. ఉప్పు, కిరసనాయిలు, గుడ్డ, కత్తి అన్నీ యజమాని కొట్టులోనే కొనాలి. రబ్బరు ఆయనకే అమ్మాలి. తూకం ఆయనది, ధర ఆయనది, పద్దు పుస్తకం ఆయనది. ఆ పుస్తకంలో ఏమి రాసి ఉందో చదవగలిగినవాడు కూలీల్లో దాదాపు లేడు. ఎస్టేట్లలో బడులు లేకపోవడం అనుకోకుండా జరిగినది కాదు. లెక్క చదవడం వస్తే లెక్క అడగడమూ వస్తుంది.

1944 డిసెంబరు 15న అటువంటి ఒక ఎస్టేట్‌లో చికో మెండెస్ పుట్టాడు. అసలు పేరు ఫ్రాన్సిస్కో. చిన్నప్పుడే తండ్రి వెంట బాట పట్టాడు. రాజకీయ కారణాల వల్ల అడవిలో తలదాచుకొన్న యూక్లిదెస్ తావొరా అనే వ్యక్తి ఆ పిల్లవాడికి పాత పత్రికల కాగితాలతో చదువు చెప్పాడు. రేడియోలో విదేశాల నుంచి వచ్చే పోర్చుగీసు వార్తలు వినిపించి, ఒకే సంగతిని ఎవరెవరు ఎలా చెబుతున్నారో పోల్చి చూడడం నేర్పాడు. ఆ చదువు వృథా పోలేదు.

1970ల్లో ప్రభుత్వం రోడ్లు వేసి, పశువుల పెంపకానికి రాయితీలు ఇచ్చింది. దక్షిణాది ధనికులు ఎస్టేట్లు కొని అడవిని నరికించి, తగలబెట్టి, గడ్డి చల్లారు. 1977లో షపురిలో గ్రామీణ కార్మిక సంఘం ఏర్పడింది. అందులో మెండెస్ ముందు నిలిచాడు. వారి పోరాట పద్ధతిని ‘ఎంపాతె’ అంటారు. అంటే అడ్డుకోవడం. రంపాలు మోగుతున్నాయని తెలియగానే చుట్టుపక్కల కుటుంబాలు ఆడా మగా పిల్లా పెద్దా కదలి వెళ్ళి చెట్లకు అడ్డంగా నిలబడేవారు. నరికే కూలీలతో, మీరూ మావంటి పేదలే గదా అని నచ్చజెప్పి రంపాలు దింపించేవారు. మెండెస్ తానే చెప్పిన లెక్క ప్రకారం 45 సార్లు అడ్డుకొంటే గెలిచింది 15 సార్లు. 30 ఓటములను దాచుకోకుండా చెప్పినవాడి మాట మీద ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.

1981 ప్రాంతంలో మేరీ అల్లెగ్రెట్టి అనే పరిశోధకురాలు, సంఘంవారు కలిసి అడవిలో బడులు తెరిచారు. పెద్దలు రాత్రిపూట దీపం పెట్టుకొని అక్షరాలు దిద్దారు. వారికోసం తయారుచేసిన తొలి వాచకంలో మాటలూ లెక్కలూ వారి జీవితం లోనివే. ఆ పుస్తకానికి ‘పొరోంగా’ అని పేరు పెట్టారు. చీకట్లో కార్మికుడి తలమీద వెలిగే దీపం పేరు.

1985లో రాజధాని బ్రెజీలియాలో జరిగిన తొలి జాతీయ సమావేశంలో రబ్బరు కార్మికులు ఒక కొత్త కోరిక బయటపెట్టారు. అడవిని ముక్కలుగా పంచి పట్టాలిమ్మని వారు అడగలేదు. భూమి దేశానిది, వాడుకొనే హక్కు అక్కడ నివసించేవారిది అన్నారు. చెట్టు నిలిచి ఉండాలి, పాలూ గింజలూ తీసుకొని బతకాలి. 1987లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ మెండెస్‌ను ‘గ్లోబల్ 500’ పురస్కారంతో గౌరవించింది. మరుసటి ఏడు కషొయేరా అనే ఎస్టేట్ అడవిని ఒక పశువుల ఆసామి నరకబోగా సంఘం అడ్డుకొని నిలబెట్టింది. 1988 డిసెంబరు 22 సాయంత్రం, స్నానానికని తువాలు భుజాన వేసుకొని పెరటి తలుపు తెరిచిన మెండెస్‌ను కాల్చి చంపారు. కాపలా పోలీసులు వంటింట్లో ఆటలో ఉన్నారు. ఆయనకు 44 ఏళ్ళు నిండి వారమే అయింది. 1990లో ఆ ఆసామికీ, కొడుకుకూ చెరి 19 ఏళ్ళ శిక్ష పడింది.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. నాలుగు చిన్న గదుల కొయ్య ఇల్లు. 2008లో జాతీయ వారసత్వ కట్టడంగా గుర్తించారు. 2015 వరదలో ఆ ఇంట్లోకి కూడా నీరు వచ్చింది.

1990 మార్చి 12న ఆయన పేరుతో సుమారు 9 లక్షల 70 వేల హెక్టార్ల అడవిని ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. అది పూర్వపు కృష్ణా జిల్లా కంటె పెద్దది. రక్షిత ప్రాంతమంటే మనుషులను వెళ్ళగొట్టిన చోటు కాదు, వేలాది కుటుంబాలు అందులోనే నివసిస్తున్నాయి. కషొయేరా నేడు సందర్శకులు బసచేసే చోటు. అక్కడివారు వెంట వచ్చి బాటలు చూపిస్తారు, చెట్టుకు గాటు పెట్టి చూపిస్తారు. డిసెంబరు నుంచి కస్తాన్యా కాయలు రాలతాయి. రెండు కిలోల దాకా బరువుండే కాయ అంత ఎత్తునుంచి నెత్తిన పడితే ప్రాణం దక్కదు. కాబట్టి గాలివాన వేళ ఏరడానికి పోరు. ఆ ఇనుప గుండు వంటి కాయను కొరికి తెరవగల జంతువు కుందేలంత ఉండే ‘కుతియా’. అది కొన్ని గింజలు తిని, మిగిలినవి మట్టిలో దాచి, కొన్నింటి చోటు మరిచిపోతుంది. కొత్త చెట్లు మొలిచేది అక్కడే.

అయితే కథ ఇక్కడ సుఖాంతమైందనుకోరాదు. రక్షిత ప్రాంతం లోపల కూడా అడవి తరుగుతున్నది. ఈసారి నరికేది బయటివారొక్కరే కాదు. లోపలి కుటుంబాల్లో కొన్ని తామే గడ్డి చల్లి నెలోరె పశువులను తోలుకొంటున్నాయి. రబ్బరుకు నడక ఎక్కువ, రాబడి తక్కువ. గింజలు కొన్ని నెలలే. పిల్లకు జబ్బు చేస్తే ఆ రోజే అమ్ముకోవడానికి దూడ ఉంటుంది. రబ్బరు పాలు ఉండవు. ఇది తెలియక అడవి విలువ బోధించేవారి మాట అక్కడ చెల్లదు. 2019లో రక్షిత ప్రాంతం హద్దులు తగ్గించాలని పార్లమెంటులో ఒక బిల్లు కూడా ప్రవేశపెట్టారు. మరోవైపు సహకార సంఘాలు గింజలను శుద్ధిచేసి అమ్ముతున్నాయి. ఫ్రాన్సు దేశపు బూట్ల తయారీదారులు అడవి రబ్బరుకు బజారు ధర కంటె ఎక్కువ చెల్లించి కొంటున్నారు. ఆ ధర అందిన చోట, వదిలేసిన బాటలను కొందరు మళ్ళీ బాగుచేసుకొని కత్తి పట్టారు.

అభ్యాసం

1. ఒంటరిగా నిలిచిన కస్తాన్యా చెట్టుకు కాపు ఎందుకు తగ్గుతుంది?
2. రబ్బరు ఎస్టేట్లలో బడులు ఎందుకు లేవు? కార్మికుల తొలి వాచకానికి ‘పొరోంగా’ అనే పేరు ఎలా తగినది?
3. రక్షిత ప్రాంతంలోని ఒక కుటుంబం దూడను కొనాలా, రబ్బరు బాటను బాగుచేసుకోవాలా అని ఆలోచిస్తున్నది. ఇంట్లో ఇద్దరి మధ్య జరిగే సంభాషణ రాయండి.
4. మీ ఇంటి పెద్దలు ఏ పని వెతుక్కొంటూ మీరిప్పుడున్న ప్రాంతానికి వచ్చారో అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.