సింహాద్రి అప్పన్న

ఉత్తరాంధ్రమున ఏ పల్లెకైనను పోయి అచ్చటి పెద్దల పేర్లడుగుడు. అప్పన్న, అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనరసమ్మ, సింహాచలము అను పేర్లలో ఒక్కటియైనను వినబడక మానదు. నేను బడిలో హాజరు పిలుచుచున్న దినములలో ఒక్క తరగతియందే ముగ్గురు నలుగురు అప్పలస్వాములుండెడివారు. వారిని ఇంటిపేర్లతో పిలువవలసి వచ్చెడిది. ఈ పేర్లన్నిటికిని మూలము విశాఖపట్టణమునకు చేరువనున్న సింహాచల క్షేత్రము. అచ్చట కొలువైయున్న వరాహ లక్ష్మీనృసింహస్వామిని జనులు చనువుతో సింహాద్రి అప్పన్న యందురు.

ఒకమారు మా విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ కొండకు పోయితిని. కొండమీదికి బాట కలదు. అయినను మేము తొలిపావంచా యను మొదటి మెట్టుకడ టెంకాయ కొట్టి, మెట్లదారినే ఎక్కితిమి. ఇరుప్రక్కల పచ్చని చెట్లు, పనసలు, అనాసతోటలు. సింహాచలపు సంపెంగల పరిమళము పేరెన్నికగన్నది. కొండపై గంగధార యను సెలయేరు కలదు. దాని చల్లని నీరు త్రాగి, నీడన కూర్చుండి, పిల్లలకు స్థలపురాణము చెప్పితిని.

హిరణ్యకశిపుడు తన కుమారుడైన ప్రహ్లాదుని హరిభక్తి మాన్పింపజాలక, వానిని సముద్రమున పడద్రోసి, పైన కొండను మోపుడని భటుల కాజ్ఞాపించెనట. బాలుని మొర విని శ్రీహరి గరుత్మంతునిపైనుండి తొందరలో దుమికెను. ఆ వేగమునకు స్వామి పాదములు భూమిలో దిగబడెనని భక్తులు చెప్పుదురు. తండ్రి మరణానంతరము ప్రహ్లాదుడు ఇచ్చటనే స్వామి నారాధించెను. హిరణ్యాక్షుని చంపిన వరాహరూపము, హిరణ్యకశిపుని చంపిన నృసింహరూపము ఒక్కటియై వెలసినది ఈ క్షేత్రమున.

యుగము మారెను. పూజలు నిలిచిపోయెను. విగ్రహముపై పుట్ట పెరిగెను. అంతట పురూరవ చక్రవర్తి ఊర్వశితో విమానమున పోవుచు ఈ కొండపై దిగెను. స్వప్నమున స్వామి దర్శనమిచ్చి తన జాడ తెలుపగా, రాజు పుట్టమన్ను తొలగించి అభిషేకము చేసెను. తొలగించిన మన్నుకు బదులుగా తన దేహమును చందనముతో కప్పవలెననియు, ఏటికొక్కనాడు మాత్రమే నిజరూపము చూపవలెననియు స్వామి పలికెనట. ఆ దినము వైశాఖ శుద్ధ తదియ, అనగా అక్షయ తృతీయ.

నేటికిని ఆ ఆచారము తప్పలేదు. అక్షయ తృతీయకు ముందే ఆలయమున చందనపు అరగదీత మొదలగును. గంధపు చెక్కలను రాతి సానలపై చేతితో అరగదీయుదురు. ఆనాడు పాత చందనమును తొలగింపగా, వరాహ ముఖము, మానవ దేహము, సింహ వాలము గల స్వామిని జనులు దర్శింతురు. సాయంకాలము గంగధార నీటితో అభిషేకము జరుగును. రాత్రి మరల చందనము పూయుదురు. తక్కిన దినములలో చందనపు పూతలోనున్న స్వామి చూపునకు శివలింగమువలె నుండును. ఆషాఢ పూర్ణిమకు వేలకొలది జనులు పాదచారులై, సుమారు 32 కిలోమీటర్లు నడచి, గిరిప్రదక్షిణము చేయుదురు. రైతులు కోడెదూడలను స్వామికి మ్రొక్కుబడిగా సమర్పింతురు. ఆలయములోని కప్పస్తంభమును కౌగిలించుకొని కోరిక చెప్పుకొందురు.

కథ ముగియగానే ఒక బాలుడు లేచి, “మాస్టారూ, ఇదంతయు నిజముగా జరిగినదా?” అని యడిగెను. తోడివారు వానిని గద్దించిరి. నేను వారిని వారించి, “ప్రశ్న మంచిదే. లోపలికి రండి” అని ఆలయములోనికి తీసికొనిపోయి, గోడలమీదను స్తంభములమీదను చెక్కిన శాసనములను చూపితిని.

ఆ శాసనములు వందలకొలది గలవు. వానిలో తొలినాటిది కులోత్తుంగ చోళుని కాలపుది. 1098-99లో ఒక గృహస్థుడు స్వామికి తోటను దానము చేసినట్లు అది తెలుపును. 13వ శతాబ్దమున తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుని పేర ఈ ఆలయము నల్లరాతితో విస్తరింపబడెను. కోణార్కమున సూర్యాలయమును కట్టించినవాడును ఆ రాజే. గజపతులపై దండెత్తి వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇచ్చటికి వచ్చి, 991 ముత్యముల హారమును, మరికొన్ని విలువైన ఆభరణములను సమర్పించెను. 1519లో మరల వచ్చెను. శత్రువు కొలిచిన స్వామికే విజేతయు చేతులు జోడించెను.

“నాయనా, పురాణకథను తేదీ యడుగరాదు. శాసనమును భక్తి యడుగరాదు. ఎవడు ఎప్పుడేమి యిచ్చెనో రాయి చెప్పును. ఎందుల కిచ్చెనో కథ చెప్పును. బలవంతుడైన తండ్రికి జంకక, తాను నమ్మినదానిని విడువని పసివాని కథ యిది. అది వినియే జనులు ఈ మెట్లెక్కిరి. రెండును చదువుము, ఒకదానిని మరియొకదానిగా భ్రమపడకుము” అని చెప్పితిని.

అంతలో వెనుకనుండి గీకుచున్న చప్పుడు వినబడెను. చూడగా మా విద్యార్థి యొకడు మేకుతో స్తంభముపై తన పేరు చెక్కుచుండెను. రెండక్షరములు పూర్తియైనవి. నేను వానిని కొట్టలేదు. వానిచేత ఆ ప్రక్క శాసనమును వ్రేలితో తడవి చూడుమంటిని. “ఈయన తోట నిచ్చినాడు. అందుచేత ఈయన మాట యిచ్చట నిలిచినది. నీవేమి యిచ్చితివి?” అని యడిగితిని. వాడు తల వంచుకొని మేకును నా చేతిలో పెట్టెను. వాడు గీచిన రెండక్షరములు మాత్రము చెరిగిపోలేదు. ఎవరును వానిని చెరుపలేరు.

బాలబాలికలారా! మీరును ఎప్పుడైనను సింహగిరి కేగుదురు. స్వామిని దర్శింపుడు, కథలు వినుడు, శాసనములను చూడుడు. తొమ్మిదివందల యేండ్లు దాటి మనవరకు వచ్చిన ఆ యక్షరములను మీ తరువాతివారికిని దక్కనిండు.