పొగిడే మనిషికి పైసలెవరిచ్చారు?

హన్మకొండ

బిడ్డా,

యూట్యూబ్‌లో చూసిన షేరులో నీ పొదుపంతా పెట్టమంటావా అని అడిగావు. కంపెనీ ఎట్లాంటిదో తర్వాత చూద్దాం. ఆ వీడియో చేసినాయనకు డబ్బులెవరిచ్చారో ముందు ఆరా తియ్యి.

సాధనా బ్రాడ్‌కాస్ట్ సంగతి తెలుసుకో. ఆ చిన్న కంపెనీని అదానీ గ్రూపు కొంటోందంటూ 2022 జులైలో వీడియోలు వచ్చాయి. అంతా అబద్ధం. పైగా డబ్బు కట్టి వాటిని జనంలోకి తోశారు. మూడు నెలల్లో చిన్న వాటాదారులు 2,167 నుంచి 55,343 మందికి పెరిగారు. వాళ్లు ఎగబడి కొంటున్నప్పుడే ప్రమోటర్లలో కొందరు అమ్ముకుని బయటపడ్డారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ తేల్చింది. అక్రమంగా సంపాదించిన 58 కోట్లను వడ్డీతో కట్టమని తుది ఉత్తర్వు ఇచ్చేసరికి 2025 మే వచ్చింది. శిక్ష పడేదాకా నీ డబ్బు ఆగదు బిడ్డా.

ఇట్లాంటివాళ్లు చిన్న కంపెనీలనే ఎందుకు ఎంచుకుంటారంటే, వాటి షేర్లు రోజుకు కొన్నే చేతులు మారుతాయి. కొద్దిపాటి డబ్బుతోనే ధర లేస్తుంది. లేచిన ధరకు వాళ్ల షేర్లు కొనే మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వే.

మన ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో అడ్తిదారుకు కమీషన్ ఉంటుందని ప్రతి రైతుకూ తెలుసు. అతని మాటను ఆ లెక్కలోనే వింటాడు. వీడియోలో ఆ కమీషన్ కనపడదు. అమెరికాలోనైతే షేరును పొగడడానికి ఎంత తీసుకున్నారో బయటపెట్టాలని 1933 చట్టంలోనే రాశారు. డబ్బు తీసుకున్నవాడు అబద్ధమే ఆడనక్కర్లేదు. కంపెనీ అప్పుల గురించి ఒక్క మాట మింగేసినా నువ్వు మునుగుతావు.

అందుకే మూడు పనులు చెయ్యి. సలహా ఇచ్చేవాడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లోనే చూడు. ఉన్నా లాభానికి అది పూచీ కాదు. పెద్ద కంపెనీ కొంటోందన్న వార్త నిజమైతే బీఎస్ఈ లేదా ఎన్ఎస్ఈ ఎక్స్ఛేంజీ ప్రకటనల్లో ఉండాలి. అక్కడ లేకపోతే నమ్మకు. మూడేళ్ల వార్షిక నివేదికల్లో అమ్మకాలు, అప్పులు, చేతికొచ్చిన నగదు చూడు. ఇవాళే కొనకపోతే అవకాశం పోతుందని ఎవరు తొందరపెట్టినా ఆ రోజు కొనకు.

నీ జీతంలో మిగిల్చిన ప్రతి రూపాయి వెనక నీ కష్టం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నువ్వే చదివి తేల్చుకో. ఆదివారం ఆ నివేదికలు పట్టుకుని ఇంటికి రా, కలిసి చూద్దాం.

నీ పెద్దబాపు