బారయీత

విశాఖపట్టణము సముద్రమును నమ్ముకొని పెరిగిన నగరము. ఇచ్చటి ఓడరేవు 1933వ సంవత్సరమున ప్రారంభమయ్యెను. తరువాతి కాలమున గొప్ప ఉక్కు కర్మాగారము వెలసెను. అయినను, సముద్రపుటొడ్డున నివసించుట వేరు, ఈత యెరుగుట వేరు. సెలవుదినములలో కెరటములలో ఆడుకొన దిగి ప్రాణములు కోల్పోయినవారు పెక్కురు. కావున ఈత వినోదము మాత్రమే కాదు. ప్రాణరక్షణకు వలయు విద్య.

ఈ విద్యకు వయసు అడ్డు కాదు. గోలి శ్యామల అను తెలుగు వనిత నలుబది యేండ్లు దాటిన పిమ్మట ఈత నేర్చుకొనిరి. 2021లో ఆమె భారతదేశమునకును శ్రీలంకకును నడుమనున్న పాక్ జలసంధిని ఈదిరి. 2024 డిసెంబరు చివర విశాఖపట్టణమున బయలుదేరి, దినమునకు కొంతదూరము చొప్పున సుమారు 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి మొదట కాకినాడ తీరము చేరిరి.

ఈతలన్నిటిలో వేగవంతమైనది ఫ్రంట్ క్రాల్. నీటిపై బోరగిల పరుండి, చేతులతో ఒకదాని వెంట నొకటిగా బారలు వేయుచు సాగుటచే దీనిని బారయీత యనవచ్చును. పసిఫిక్ దీవులవారు దీనిని పూర్వమే యెరుగుదురు. హవాయి దీవులవాడైన డ్యూక్ కహనమోకు 1912లో స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలందు ఈ యీతతోనే 100 మీటర్ల పందెము గెలిచెను.

క్రొత్తగా నేర్చువాడు నీటికి భయపడి తల పైకెత్తును. రొమ్మునందు గాలి యుండుటచే దేహము పైభాగము తేలును. కాళ్లు బరువై క్రుంగును. త్రాసునందు ఒక పళ్లెము లేచిన రెండవది దిగునట్లు, తల లేచిన కొలది కాళ్లు దిగును. అప్పుడు నీరు దేహమున కడ్డుపడును. వాడెంత బలముగా చేతులు కొట్టినను ముందునకు పోలేక అలసిపోవును. కావున మొదట నేర్వవలసినది చేతిబలము కాదు. నీటిని నమ్మి తల దించుట.

ముఖము నీటిలో నుంచి, చూపు అడుగున నిలుపవలెను. చాచిన చేయి భుజమున కెదురుగా నీట దిగవలెను. మోచేయి అరచేతికంటె ఎత్తున నుంచి, నీటిని తొడదాక వెనుకకు నెట్టవలెను. పిదప మోచేయి పైకెత్తి, చేతిని నీటిమీదుగా ముందునకు తేవలెను. కాళ్లు మోకాళ్లనుండి కాక తుంటినుండి ఆడవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఊపిరి. ముఖము నీటిలో నున్నంతసేపు గాలిని మెల్లగా వదలుచుండవలెను. చేయి వెనుకకు పోవునప్పుడు దేహము ప్రక్కకు ఒరుగును. దానితోపాటు ముఖమును త్రిప్పి, ఒక చెవి నీటనే యుండగా, గాలి పీల్చవలెను. ఊపిరి బిగబట్టువాడు నాలుగు బారలకే రొప్పును.

నడుములోతు నీటిలో గోడ పట్టుకొని మొదట ఊపిరి వదలుట, పిదప తేలుట, తరువాత కాళ్లాడించుట, చివరకు బారలు వేయుట: ఈ క్రమమున గురువు సమక్షమున అభ్యసింపవలెను.

కొలనులో ఈత వచ్చినంతమాత్రమున సముద్రము లొంగదు. ఒడ్డునకు వచ్చిన కెరటముల నీరు ఒక్కొక్కచోట ఇరుకుదారిని కూడి లోనికి మరలిపోవును. దాని కెదురీదువాడు ఎంత నేర్పరియైనను అలసి మునుగవచ్చును. అందు చిక్కినవాడు బెదరక తేలియుండి, చేయి యెత్తి సహాయము కోరవలెను. శక్తి యున్నచో తీరమునకు సమాంతరముగా ఈది, ఆ ప్రవాహము దాటిన పిమ్మట ఒడ్డునకు మరలవలెను. 150 కిలోమీటర్లు ఈదిన శ్యామల వెంట సైతము పడవలు నడచినవి. ఒంటరిగా సముద్రమున దిగకుండుటయు ఈతవిద్యలో భాగమే.