నాము: పచ్చగా ఉన్నదంతా మేత కాదు

పిల్లలూ! మన నజ్మాలో కిటికీ తీస్తే మేడలు, దుకాణాలు, కార్లు కనిపిస్తాయి. మేస్తున్న ఆవు మాత్రం కనపడదు. కానీ తెలుగు ఊళ్లల్లో పశువుల్ని మేపేవాళ్లందరూ జాగ్రత్తగా గుర్తుపెట్టుకునే ఒక చిన్న మాట ఉంది. ఈ రోజు అది నేర్చుకుందాం. ఆ మాట "నాము".

చదువుదాం

జొన్న మీకు తెలుసు. అమ్మ చేసే జొన్నరొట్టె ఆ గింజల పిండితోనే. మనం గింజ తింటాం. మిగిలిన చొప్ప పశువులకి మేత. అంటే ఒకే పంట ఇంటికీ, కొట్టానికీ తిండి పెడుతుంది.

మరి భయం ఎక్కడ? లేత జొన్న మొక్కలోనూ, కోత అయ్యాక మోళ్ల నుంచి మళ్లీ వచ్చే పిలకల్లోనూ విషం ఉంటుంది. దాన్నే నాము అంటారు. వానలు లేక మొక్క గిడసబారిపోతే ఈ విషం ఇంకా పెరుగుతుంది. ఎండాకాలంలో చుట్టూ గడ్డి ఎండిపోయి ఉంటుంది. పచ్చగా కనిపించేవి ఆ పిలకలే. ఆకలి మీద ఉన్న గేదె వాటి దగ్గరికే పోతుంది, పాపం!

విషం ఎలా పుడుతుంది?

వెల్లుల్లి రెబ్బని ఊరికే పెడితే పెద్దగా వాసన రాదు. రోట్లో వేసి దంచితే గుప్పుమంటుంది కదా? లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు అప్పుడు కలుస్తాయి. జొన్న ఆకులోనూ అంతే. ధుర్రిన్ అనే పదార్థం ఒక చోట, దాన్ని విడగొట్టేది ఇంకో చోట ఉంటాయి. పశువు నమిలితే రెండూ కలిసి హైడ్రోసయానిక్ ఆమ్లం పుడుతుంది. నెమరువేసే పశువుల కడుపులోని సూక్ష్మజీవులు ఈ పనిని ఇంకా తొందర చేస్తాయి. పురుగులు తినకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది.

మీరు బడిలో అరబిక్ చదువుతారు కదా, "ధురా" అనే మాట విన్నారా? ధుర్రిన్ పేరు అందులోంచే వచ్చింది! 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈజిప్టు జొన్న మొక్కల్లో ఈ పదార్థాన్ని కనిపెట్టి ఆ పేరు పెట్టారు.

పశువుకి ఏమవుతుంది?

రక్తంలో ప్రాణవాయువు ఉంటుంది, కానీ ఒంట్లోని కణాలు దాన్ని వాడుకోలేవు. విస్తట్లో అన్నం వడ్డించి చేతులు కట్టేసినట్టన్నమాట. అందుకే రక్తం బాగా ఎర్రగా కనిపిస్తుంది. పశువు రొప్పుతుంది, నోట్లోంచి నురగ కారుతుంది, తూలి పడిపోతుంది. ఒక్కోసారి కొన్ని నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. ఒక్క పాడిగేదె మీదే బతికే ఇళ్లున్నాయి. గేదె పోతే ఆ ఇంట్లో పాలూ పోతాయి, పిల్లల ఫీజులకి దాచిన డబ్బూ పోతుంది.

ఏం చెయ్యాలి?

వెంటనే పశువుల డాక్టరుని పిలవాలి. ఆయన సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అనే మందులు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. థయోసల్ఫేట్ వల్ల విషం హాని తక్కువ పదార్థంగా మారి మూత్రంలో పోతుంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువైద్య వాహనం వస్తుంది. ఊళ్లో కొందరు బెల్లం నీళ్లు పట్టిస్తారు. అది మందుకి బదులు కాదు. పైగా తూలిపోతున్న పశువు నోట్లో బలవంతంగా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

రాకుండా చూసుకోవడం ఇంకా మంచిది. జొన్న పూతకి వచ్చాకే పచ్చిమేతగా కోయాలి. కోసి బాగా ఎండబెడితే విషం చాలావరకు తగ్గుతుంది. ఆకలి మీద ఉన్న పశువుని మోళ్ల చేలోకి తోలకూడదు. అనుమానం ఉంటే ల్యాబులో చూస్తారు: నలిపిన ఆకుని గాజు గొట్టంలో వేసి, పైన పసుపు పచ్చని పిక్రేట్ కాగితం వేలాడదీస్తారు. కాగితం ఇటుక రంగుకి మారితే విషం ఉన్నట్టు.

జొన్నరొట్టె తినడానికి భయపడకండి! ముదిరిన గింజలో ఈ విషం దాదాపు ఉండదు.

కొత్త మాటలు

చొప్ప: గింజ తీశాక మిగిలిన జొన్న కాడలు, ఆకులు
మోడు: కోశాక నేలలో మిగిలిన మొదలు
పిలక: మొదలు నుంచి వచ్చే కొత్త మొలక
నెమరువేయడం: మింగిన మేతని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమలడం

గమనించండి

మనుషులు తింటారు, పశువులు మేస్తాయి. పశువు "మేస్తుంది", కాపరి "మేపుతాడు".
దంచితే, నమిలితే, ఎండబెడితే: ఈ మాటల చివర "తే" ఉంది. "ఇది జరిగితే అది జరుగుతుంది" అని చెప్పడానికి వాడతాం. పాఠంలో ఇలాంటివి ఇంకో మూడు వెతకండి.

ఆలోచించి చెప్పండి

1. ఎండాకాలంలో నాము ప్రమాదం ఎందుకు ఎక్కువ?
2. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా పశువు ఎందుకు చనిపోతుంది?
3. ఎండిన చొప్ప మేలా, లేత పిలకలు మేలా? ఎందుకు?

చేద్దాం

ఈ శుక్రవారం అమ్మమ్మకో, తాతయ్యకో వీడియో కాల్ చేయండి. "నాము అంటే తెలుసా? మన ఊళ్లో ఏమంటారు? ఏ పశువుకైనా అలా అయిందా?" అని అడగండి. వాళ్లు చెప్పింది ఐదు వాక్యాల్లో తెలుగులో రాసి తీసుకురండి. వాళ్లు వాడిన మాటే రాయండి, మార్చొద్దు.