గ్రామసభలో చర్చను నడపువాని బాధ్యత

హైదరాబాదు నగరమున నారాయణగూడలోని బాలికల ఉన్నత పాఠశాలకు మాడపాటి హనుమంతరావుగారి పేరు గలదు. తెలుగు బాలికల చదువునకై 1928లో నెలకొన్న విద్యాలయమిది. 1951లో నగరమునకు మొదటి మేయరైనవారును మాడపాటివారే. వారు పాల్గొనిన ఉద్యమమునకు మూలమైన సంఘటన ఒకటి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని ఆవరణలో సంఘసంస్కరణ సభ జరిగినది. ఇతర భాషల ఉపన్యాసములను ఓపికతో వినిన సభాసదులలో పలువురు, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడ మొదలిడగనే గేలిచేసి అల్లరి సాగించిరి. మనసు నొచ్చిన తెలుగువారు వేరుగ కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మాడపాటివారు అందు ప్రముఖులు.

తన మాట చెల్లనివాడు సభను విడిచిపోవును. నగరమున విడిచినవారు వేరొక సంఘము పెట్టుకొనగలిగిరి. పల్లెలో విడిచిన కూలివాడు ఇంటనే కూర్చుండును. సభ చేసిన తీర్మానము మాత్రము వానికిని వర్తించును.

1993లో అమలునకు వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించినది. తెలంగాణ 2018 చట్టము రెండు నెలలకొకసారి సభ జరుపుమనుచున్నది. చట్టము జనమును కూర్చగలదు గాని పలికింపజాలదు. ఆ పని చర్చను నడపువానిది.

సర్పంచి అధ్యక్షత వహించినను, చర్చను నడపుటలో ఓర్పుగల సభ్యుని సాయము తీసికొనవచ్చును. అట్టివాడు తన అభిప్రాయమును ముందుగ చెప్పరాదు. బోరు ఎచ్చట వేయవలెనను ప్రశ్న వచ్చినదనుకొందము. ‘గుడి వద్ద వేయుదమా?’ అని అడిగినచో తన తీర్పును ముందే చెప్పినట్లగును. ‘ఎవరెవరు ఎంత దూరము నుండి నీరు మోయుచున్నారు?’ అని అడిగినచో బిందె మోయు స్త్రీలు నోరు విప్పుదురు.

చర్చాంశములను ముందుగనే దండోరా వేయింపవలెను. వెనుక వరుసలోనివారిని మొదట పిలిచి, పెద్దలను తుదకు మాటాడుమని వేడుకొనవలెను. పెద్దలు పలికిన పిదప చిన్నవారు ఎదురు చెప్పుటకు జంకుదురు. ఒకరు మాటాడునపుడు మరొకరు అడ్డుపడినచో మర్యాదగ వారింపవలెను. చెప్పినదానిని ‘మీ మాట ఇదియేనా?’ అని మరల చెప్పి నిర్ధారించుకొనవలెను. భిన్నాభిప్రాయములను గూడ వ్రాయించి, సంతకములకు ముందు తీర్మానమును బిగ్గరగ చదివి వినిపింపవలెను.

సభ ముగిసిన పిదప ‘ఈనాడు ఎవరు మాటాడలేదు?’ అని మనలను మనమే ప్రశ్నించుకొందము. రాబోవు సభలో మొదటి పిలుపు వారికే అందవలెను.