లైనస్ పాత దారి ఎందుకు పట్టాడంటే

హైదరాబాదు

చిరంజీవి చిన్నాకి,

నీ ఉత్తరం అందింది. ఫైనలియర్ ప్రాజెక్టుగా ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తానన్నావని తెలిసి మీ బాబాయి ఒకటే సంబరం. కానీ ఉత్తరంలో సగం మీ గైడ్ మీద ఫిర్యాదే ఉంది. ఆయన యునిక్స్ పద్ధతిలో రాయమంటున్నారు, నీకేమో అది యాభై ఏళ్ళనాటి పాత చింతకాయ పచ్చడి. "లైనస్ కూడా నాలాగా స్టూడెంటే కదా పిన్నీ, అంత తెలివైనవాడు సొంత డిజైన్ వేసుకోకుండా పాతదాన్నే ఎందుకు పట్టుకున్నాడు?" అని అడిగావు. దీనికి జవాబు తెలిస్తే మీ గైడ్‌తో నీ పేచీ కూడా తేలిపోతుంది.

ముందు ఆ కుర్రాడి పరిస్థితి చూడు. 1990 చివర్లో హెల్సింకీ యూనివర్సిటీకి యునిక్స్ నడిచే మైక్రోవ్యాక్స్ ఒకటి వచ్చింది. దాని మీద ఒకేసారి 16 మందే పని చేసుకోగలరు. దాని మీద నడిచిన కోర్సులో చేరిన లైనస్ టోర్వాల్డ్స్ యునిక్స్‌కి అలవాటు పడిపోయాడు. 1991 జనవరిలో వాయిదాల మీద 386 ప్రాసెసర్ ఉన్న పీసీ కొన్నాడు, 4 ఎంబీ మెమరీతో. అందులో వేసుకోవడానికి అతనికి అందుబాటులో ఉన్నది మినిక్స్. ఆమ్‌స్టర్‌డామ్ ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ తన పాఠ్యపుస్తకానికి తోడుగా రాసిన బుల్లి యునిక్స్ అది. విద్యార్థికి అర్థమయ్యేంత చిన్నగానే ఉండాలని ఆయన పట్టుదల. అందుకని 386 శక్తిని అది వాడుకునేది కాదు, మార్చి అందరికీ పంచుదామన్నా లైసెన్సు ఒప్పుకునేది కాదు.

ఇంటి నుంచి యూనివర్సిటీ కంప్యూటర్‌లోకి వెళ్ళడానికి లైనస్ ఒక టెర్మినల్ ప్రోగ్రామ్ రాసుకున్నాడు, మినిక్స్ సాయం లేకుండా నేరుగా 386 మీద నడిచేలా. అందులో రెండే పనులు: కీబోర్డు మీద కొట్టింది మోడెమ్‌కి పంపడం, మోడెమ్ నుంచి వచ్చింది తెర మీద వేయడం. ప్రాసెసర్ ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ నడపాలి. దించుకున్న ఫైళ్ళు దాచుకోవాలంటే డిస్క్ డ్రైవర్ కావాలి, దాని పైన ఫైల్ సిస్టమ్ కావాలి. అవీ రాశాడు. అలా ఆ ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అంటే కెర్నల్, అయింది. అంటే గీతలు గీసుకుని, డిజైన్ ఖాయం చేసుకుని కూర్చున్నవాడు కాదు. పని అడిగినకొద్దీ రాస్తూ పోయినవాడు.

ఇక ప్రోగ్రాములు ఈ కెర్నల్‌ని ఏ మాటల్లో పని అడగాలి అన్నది తేల్చాలి. నువ్వు కొత్త డిజైన్ అంటున్నది సరిగ్గా ఇక్కడే. అతను యునిక్స్‌లో ఆ మాటలు ఎలా ఉండాలో చెప్పే పోసిక్స్ ప్రమాణం కోసం వెతికాడు, అది సులువుగా చేతికి రాలేదు. యూనివర్సిటీలో ఉన్న సన్ కంపెనీ యునిక్స్ మాన్యువళ్ళలోంచి ఆ మాటల, అంటే సిస్టమ్ కాల్స్, జాబితా తీసుకున్నాడు. తర్వాత గ్నూ వాళ్ళ బాష్ షెల్‌ని తన కెర్నల్ మీదికి ఎక్కించాడు. లేని కాల్‌ని అది అడిగినప్పుడల్లా తెర మీద ఆ సంగతి కనబడేలా పెట్టుకుని, ఆ కాల్ రాసేవాడు. మళ్ళీ నడిపేవాడు. ఇంకోచోట ఆగితే అదీ రాసేవాడు. సొంత కాల్స్ కనిపెట్టుకుని ఉంటే బాష్ లేదు, గ్నూ సి కంపైలర్ లేదు, అన్నీ మొదటి నుంచి తనే రాసుకోవాలి. రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ బృందం 1983లో ప్రకటించి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి రాసిన పనిముట్లన్నీ యునిక్స్ పద్ధతివే. వాటికి లేనిదల్లా స్వేచ్ఛగా వాడుకోదగ్గ కెర్నల్. లైనస్ ఆ ఒక్కటీ ఇచ్చాడు.

నువ్వే ఒకసారి చూడు. 1970లలో వచ్చిన ఏడో ఎడిషన్ యునిక్స్‌లో సిస్టమ్ కాల్ నంబర్లు ఇలా ఉంటాయి: 1 ఎగ్జిట్, 2 ఫోర్క్, 3 రీడ్, 4 రైట్, 5 ఓపెన్, 6 క్లోజ్. 1991 సెప్టెంబరులో వచ్చిన లైనస్ కెర్నల్, లినక్స్ 0.01, తెరిచి చూడు, అవే నంబర్లు, అదే వరస. అదంతా కలిపి సుమారు 10 వేల లైన్లు. డిస్కు మీద ఫైళ్ళ అమరిక కూడా మినిక్స్‌దే వాడాడు, మినిక్స్‌లో కంపైల్ చేసిన ఫైళ్ళు ఇటు తేలిగ్గా చదువుకోవచ్చని.

ఇందులో మనుషుల లెక్క కూడా ఉంది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ మొదలుపెట్టారు. 1956 నాటి కోర్టు ఒప్పందం వల్ల ఆ ల్యాబ్స్ యజమాని ఏటీ అండ్ టీ కంప్యూటర్ల వ్యాపారంలోకి దిగడానికి వీల్లేదు. అందుకని సోర్సు కోడ్‌ని యూనివర్సిటీలకు నామమాత్రపు ఫీజుతో ఇచ్చింది. ఒక తరం విద్యార్థులు ఆ కోడ్ చదివే పెద్దవాళ్ళయ్యారు. తర్వాత లైసెన్సులు బిగిశాయి. యునిక్స్ తెలిసినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు, ఇంటి పీసీలో వేసుకునే స్తోమత మాత్రం చాలామందికి లేదు. 1991 ఆగస్టు 25న లైనస్ తన పని గురించి చెప్పినప్పుడు విన్నవాళ్ళకు అది ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఫోర్క్ ఏం చేయాలో అందరికీ తెలుసు. చేయకపోతే తప్పెక్కడుందో పట్టి, దిద్ది పంపగలరు. కొత్త డిజైన్ అయితే ఏది తప్పో చెప్పడానికి కూడా డిజైన్ చేసినవాడొక్కడే దిక్కు.

కెర్నల్ లోపలి అమరిక సంగతి వేరు. దాన్ని తప్పుపట్టింది టానెన్‌బామే. 1992 జనవరిలో ఆయన లినక్స్‌కి కాలం చెల్లిందనీ, ఇది 1970లకు వెనక్కి నడవడమేననీ బహిరంగంగా అన్నాడు. ఆయన దారి మైక్రోకెర్నల్. ఫైల్ సిస్టమ్ లాంటివన్నీ విడివిడి ప్రోగ్రాములుగా ఉండి సందేశాలతో మాట్లాడుకుంటాయి. లినక్స్‌లో డ్రైవర్లతో సహా అంతా ఒకే ముద్ద. సిద్ధాంతపరంగా మైక్రోకెర్నలే అందంగా ఉంటుందని లైనస్ కూడా ఒప్పుకున్నాడు. కానీ ఒకే ముద్దలో ఉంటే ఫైల్ సిస్టమ్ డిస్క్ డ్రైవర్‌ని మామూలు ఫంక్షన్‌లా పిలుస్తుంది. తప్పు వస్తే ఒక్క మనిషి వెనక్కి వెతుక్కుంటూ పోగలడు. విడివిడి ప్రోగ్రాములు సందేశాలు పంపుకుంటుంటే ఏది ముందొచ్చింది, ఏది ఎక్కడ ఇరుక్కుంది అన్నది పట్టుకోవడం మహా కష్టం. గ్నూ వాళ్ళు మైక్రోకెర్నల్ మీద 1990లో మొదలుపెట్టిన హర్డ్ అలాగే నలిగింది, ఇప్పటికీ 1.0 దాకా రాలేదు.

అలాగని టానెన్‌బామ్ అన్నది తప్పని అనుకోకు. లినక్స్‌లో ఒక డ్రైవర్‌లో లోపముంటే మొత్తం మిషనే పడిపోగలదు. సర్వర్ల దగ్గర పనిచేసేదాన్ని, నాకు అది తెలుసు. పైగా 386కే కట్టిపడేశావని ఆయన అన్నదీ నిజమే, ఆ కట్లు తర్వాత ఎంతో శ్రమపడి విప్పారు.

మరి లైనస్ కొత్తగా చేసింది ఏమిటి? జర్మనీలో ఒకాయన మిషన్‌లో 2 ఎంబీ మెమరీయే ఉండి కంపైలర్ నడవకపోతే, మెమరీలో పట్టనిదాన్ని డిస్కు మీదికి మళ్ళించే ఏర్పాటు రాశాడు. మినిక్స్‌లో అది లేదు. 1992లో లైసెన్సుని, స్వేచ్ఛగా మార్చి పంచుకోనిచ్చే జీపీఎల్‌కి మార్చాడు. వచ్చిన ప్యాచ్‌లను చకచకా కలుపుకుని, వెంట వెంటనే విడుదల చేశాడు. పైకి కనబడే రూపం పాతది కాబట్టే వీటన్నిటికీ తీరిక దొరికింది. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్ళు విద్యార్థులతో కలిసి తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు కదా, వాళ్ళూ కెర్నల్ రాయలేదు. ఉన్నదాన్ని తీసుకుని శ్రమంతా తెలుగు మీద పెట్టారు.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. నీ ప్రాజెక్టులో కొత్తది ఏదో ఒక్క వాక్యంలో రాసుకో. షెడ్యూలరా, మెమరీయా, ఫైల్ సిస్టమా? ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ పాత పద్ధతిలోనే ఉంచు. మైక్రోకెర్నలే కావాలంటే లోపల అలాగే కట్టు, బయటికి మాత్రం ఓపెన్, రీడ్, రైట్, ఫోర్క్ ఉండనీ. అప్పుడు పరీక్షించడానికి ఊళ్ళో ఉన్న ప్రోగ్రాములు నీకు పనికొస్తాయి. ఆరో ఎడిషన్ యునిక్స్‌ని మళ్ళీ రాసి ఎంఐటీ వాళ్ళు పాఠం చెప్పే ఎక్స్‌వీ6 ఉంది. ముందు అది చదువు, చిన్నదే. ఏదైనా కాల్ నీకు వికారంగా అనిపిస్తే, అది లేకుండా షెల్‌లో పైపు ఎలా పనిచేస్తుందో కాగితం మీద రాసి చూడు. రాయగలిగితే తీసెయ్, లేకపోతే ఉండనీ.

మీ గైడ్‌తో వాదించొద్దని నేను అనను. వాదించు, కాకపోతే ఫోర్క్ పనిచేశాక.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
పిన్ని