జాకీ ఎత్తుతుంది, మోయదు

మన తొమ్మిదవ తరగతి సైన్సులో పాస్కల్ నియమం ఉన్నది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే అది అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది అని అందరం బట్టీ పట్టినాము. ఆ నియమం హుజూర్‌నగర్‌లో ఏ పంచర్ షాపు ముందర చూసినా ఉంటది. అదే ఆయిల్ జాకీ.

ఇప్పుడు మన తండాల్లో కూడా కార్లున్నవి. మఠంపల్లి, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల దిక్కు కిరాయికి తోలేవాళ్లు ఉన్నారు. పంచరయితే వాకిట్లోనే విప్పుతున్నారు. పక్కన పిల్లలు, మేకలు తిరుగుతనే ఉంటరు. అందుకే ఇది రాస్తున్నాను.

జాకీలో ఒక చిన్న ముషలకం, ఒక పెద్ద ముషలకం, మధ్యన నూనె ఉంటాయి. చిన్నదాని వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు, పెద్దదానిది 20 అనుకుందాం. చిన్నదాని మీద 50 కిలోల బరువు వేస్తే పెద్దది 1000 కిలోలను లేపుతుంది. ఇది ఊరికే వచ్చిన బలం కాదు. చిన్నది 20 సెం.మీ. దిగితే పెద్దది 1 సెం.మీ. మాత్రమే లేస్తుంది. అందుకే రాడ్డు అన్నిసార్లు కొట్టాలె.

పాస్కల్ 1662లో చనిపోయినాడు. ఆ నియమంతో ఇంగ్లాండులో జోసెఫ్ బ్రామా అనే ఆయన 1795లో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. ఈయన రైతు కొడుకు, వడ్రంగం పని నేర్చినవాడు. ఆయనకు పెద్ద చిక్కు నూనె లెక్కల్లో రాలేదు. ముషలకం పక్కనుంచి నీళ్లు కారిపోయేవి. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే తోలు వాషరు పెట్టి ఆ కారుడు ఆపినాడు అని చెబుతారు. మన జాకీలో ఆ జాగాలో రబ్బరు సీలు ఉంటది. జాకీ లేపిన బరువంతా ఆ చిన్న సీలు మీద, ఒక వాల్వు మీద ఆగి ఉంటది. సీలు అరిగితే నూనె కారుతది, కారు దిగుతది. చెప్పి దిగదు. కాబట్టి జాకీ ఎత్తడానికే. ఎత్తినాక బరువు మోయడానికి ఇనుప స్టాండు వేరే ఉండాలె.

ఇది మనకు కొత్త సంగతి కాదు. ఎడ్లబండికి కందెన వేసేటప్పుడు ముందుగాల ఇరుసు కింద ఊత పెట్టి, ఆ తరువాతనే చీల తీసి చక్రం లాగుతారు. మా యాడికి అక్షరం రాదు, ఈ క్రమం మాత్రం ఆమెకు తెలుసు.

ఇప్పుడు నేల సంగతి. కారు ఒక మూల లేపడానికి 300 కిలోలు పడుతుంది అనుకుందాం. జాకీ అడుగు 10 సెం.మీ. పొడవు, 10 వెడల్పు ఉంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద 3 కిలోలు పడుతుంది. నల్లరేగడి తడిగా ఉంటే జాకీ లోపలికి దిగి ఒరుగుతుంది. 30కి 30 ఉన్న మందపు చెక్క వేస్తే అదే బరువు కిలోలో మూడో వంతే పడుతుంది. ఇటుకలు, నాపరాళ్లు వేయవద్దు. మన దగ్గర నాపరాయి దండిగ దొరుకుతది గాని బరువు ఒకేచోట పడితే పటుక్కున పగులుతది. మా పక్క తండాలో ఒకాయన ఇటుకల మీద పెడితే ఇటుక పిండి అయ్యింది. విప్పిన చక్రం కారు కిందికి తోసి ఉంచినాడు గనుక కారు దాని మీద పడింది, చేతులు దక్కినవి.

చక్రాలున్న ట్రాలీ జాకీకి మట్టి అసలే పనికిరాదు. దాని చెయ్యి లేచేటప్పుడు వంపుగా తిరుగుతుంది, అందుకని జాకీ కొంచెం ముందుకు దొర్లాలి. మట్టిలో చక్రాలు కూరుకుంటే దొర్లదు, పైన కారు జారుతుంది. సమానంగా ఉన్న సిమెంటు గచ్చు మీదనే వాడాలి.

ముందర కారులోంచి అందరినీ దింపాలె. గేరు వేసి హ్యాండ్ బ్రేకు లాగాలి. చాలా కార్లకు హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటది. వెనుక లేపితే అది గాలిలో చక్రాన్ని పట్టుకున్నట్టే! కాబట్టి నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా గట్టి దిమ్మలు పెట్టాలి. నట్లు చక్రం నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేయాలి. లేపినాక గుంజితే కారు ఊగుతుంది. జాకీ మీద ఎన్ని టన్నులో రాసి ఉంటది, చూడాలి. కంపెనీ పుస్తకంలో చూపిన చోటనే జాకీ ఆనించాలి. ఆయిల్ చాంబరు కింద పెడితే అది పగులుతుంది. లేపినాక చాసీ కింద స్టాండు పెట్టి, జాకీ మెల్లగ వదిలి బరువు స్టాండు మీదికి తేవాలి. చేత్తో కొంచెం ఊపి చూడాలి. స్టాండు లేకుంటే చక్రం మార్చుడు వరకే, కిందికి తల గాని చెయ్యి గాని పోవద్దు.

"ఆడపిల్లలకు జాకీ ఎందుకు" అని మా అన్న అన్నాడు. వాకిలి ఊడ్చేది మేమే, కారు కిందికి పోయిన కోడిపిల్లను పట్టేది కూడా మేమే.

దించేటప్పుడు మళ్లీ కొంచెం లేపి స్టాండు తీయాలి. వాల్వు ఒక్కసారి తిప్పితే కారు ధడేల్మని పడుతుంది, కొంచెం కొంచెం తిప్పాలి. చక్రం నేలకు ఆనినాక ఎదురెదురు నట్లు ఒకదాని తరువాత ఒకటి బిగించి, అప్పుడు దిమ్మలు తీయాలి.